పనిచోట దెబ్బ తగిలినప్పుడు తెలుపవలసిన విధి

మైలవరము నుండి నూజివీడు వఱకు గల సీమయంతయు మామిడితోటలకు పేరుపొందినది. వేసవి ముదిరి బంగినపల్లియు, కలెక్టరు కాయయు, రసాలును కోతకు వచ్చిన దినములలో ఇచట ఖాళీగ నుండు చేయి కానరాదు. చెట్టెక్కి కాయ దించువారు, చిక్కపు గడతో కోయువారు, బుట్టలు మోయువారు, లారీల కెత్తువారు, నున్న మార్కెట్టులో కాయను ఏరి వేఱు చేయువారు, గుజ్జు తీయు కర్మాగారములలో మరల యొద్ద నిలుచువారు, వీరందఱును ఒక్క పంటను నమ్ముకొనిన పనివారు. ఇటు ఇబ్రహీంపట్టణమువైపు థర్మల్ విద్యుత్కేంద్రమును, కొండపల్లి పారిశ్రామికవాడయు కలవు. ఊరూరను రైసుమిల్లులు, ఇటుకబట్టీలు, కంకర మరలు కలవు. పని యున్నచోట ప్రమాదమును పొంచియే యుండును. కొమ్మ విఱుగును, బెల్టు చేతిని లాగును, ఇనుపగడ విద్యుత్తీగకు తగులును, లారీ బోల్తాపడును.

ప్రమాదము జరుగకుండ చూచుట మొదటి ధర్మము. దానిని గూర్చి చెప్పువారు పలువురు కలరు. జరిగిన ప్రమాదమును జరిగినట్లు అధికారులకు తెలియజేయుట రెండవ ధర్మము. దీనిని గూర్చి చెప్పువారు తక్కువ, ఎఱిగినవారు మఱియు తక్కువ. తెలియజేయుట యజమాని మర్యాదపై విడిచిపెట్టిన విషయము కాదు. అది శాసనము విధించిన కర్తవ్యము. ఆ కర్తవ్యమున కొంత భాగము గ్రామపెద్దలపైని గూడ కలదు. నేటి ప్రసంగమునకు ఇదియే విషయము.

మొదట మనకు అలవాటైన యొక తీరును పరిశీలింతము. ఒక రైసుమిల్లులో నలువది యేండ్ల పనివాని బొటనవ్రేలు బెల్టులో పడి తెగిపోయిన దనుకొందము. అతని నెలజీతము 12,000 రూపాయలు. యజమాని చెడ్డవాడు కాడు. వెంటనే ఆసుపత్రికి పంపును, కట్టు కట్టించును, మందుల ఖర్చు పెట్టుకొనును. ఆసుపత్రిలో మాత్రము "ఇంటియొద్ద జారిపడెను" అని వ్రాయింతురు. పిమ్మట నలుగురు పెద్దమనుషులు రచ్చబండ కడ కూర్చుండి, ఇరువైపుల మాటలు విని, ముప్పదివేల రూపాయలు ఇప్పించి, తెల్లకాగితముపై వ్రేలిముద్ర వేయింతురు. అందఱును తృప్తితో ఇండ్లకు పోవుదురు. మేలు చేసితిమనియే పెద్దలు తలంతురు.

శాసనము ప్రకారము లెక్క యెట్లుండునో చూడుడు. పనిలో సంభవించిన శాశ్వత వైకల్యమునకు పరిహారము కట్టుటకు ఒక సూత్రము కలదు. సంపూర్ణ వైకల్యమైనచో నెలజీతములో నూటికి 60 వంతులు తీసికొని, వయస్సునుబట్టి పట్టికలో నిచ్చిన గుణకముచే హెచ్చింపవలెను. నలువది యేండ్లవానికి ఆ గుణకము 184.17. పైని చెప్పిన జీతమునకు ఆ మొత్తము 13,26,024 రూపాయలగును. బొటనవ్రేలు పోయినచో సంపాదనశక్తిలో నూటికి 30 వంతులు నష్టమైనట్లు పట్టిక చెప్పుచున్నది. కావున అతనికి రావలసినది సుమారు 3,97,800 రూపాయలు. రచ్చబండ కడ ఇప్పించినది అందులో పదమూడవ వంతైన కాదు. పెద్దల యుద్దేశము మంచిదే. శాసనము తెలియనందున బీదవాని సొమ్ము పోయినది. అంతేకాదు, ఆ మిల్లులో బెల్టునకు అడ్డుకట్ట లేదను సంగతి ఏ యధికారికిని తెలియలేదు. రేపు మఱియొకని చేయి అదే బెల్టులో పడవచ్చును.

ఇట్టి శాసనములు మన దేశమున క్రొత్తవి కావు. ఇంగ్లండులో 1844 నాటి ఫ్యాక్టరీ చట్టమే మరలచుట్టు కంచె నుంచవలెననియు, ప్రమాదములను తెలుపవలెననియు శాసించెను. మన దేశమున 1923లో కార్మిక పరిహార చట్టము పుట్టి, 1924 జూలై 1వ తేదీనుండి అమలునకు వచ్చెను. స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట చేయబడిన 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము ప్రమాదమును గూర్చిన నోటీసును కర్మాగారపు మేనేజరునకు స్పష్టముగ విధించెను. పనివాడు మరణించినను, దెబ్బచే 48 గంటలు గాని అంతకు మించి గాని పనికి రాలేకపోయినను నోటీసు పంపవలెను. ఈ చట్టముల స్థానమున పార్లమెంటు 2020లో క్రొత్త స్మృతులను చేసెను. వృత్తిభద్రత, ఆరోగ్యము, పనిపరిస్థితులను గూర్చిన స్మృతియు, సామాజిక భద్రతా స్మృతియు 2025 నవంబరు 21వ తేదీనుండి అమలునకు వచ్చినవి. చట్టముల పేరులు మాఱినవి గాని, 48 గంటల నియమము మాఱలేదు. పరిహారపు సూత్రమును మాఱలేదు.

ఆ నియమమును కొంచెము విప్పి చెప్పెదను. పనిచోట, పని కారణమున జరిగిన ప్రమాదములో మరణము సంభవించినచో నోటీసు పంపుట తప్పనిసరి. మరణము లేకున్నను, ఆ దెబ్బచే పనివాడు వెంటనే తరువాతి 48 గంటలు పనిచేయలేకపోయినచో నోటీసు పంపవలెను. కాలు విఱిగినను, కన్ను పోయినను మాత్రమే తెలుపవలెనని కొందఱు భ్రమపడుదురు. అట్లు కాదు. చీలమండ బెణికి మూడు దినములు మంచమెక్కినను అది తెలుపవలసిన ప్రమాదమే. నోటీసు పంపవలసినవాడు కర్మాగారమైనచో యజమాని గాని మేనేజరు గాని. గని, క్వారీ అయినచో యజమాని, ఏజెంటు, మేనేజరు. కట్టడపు పనులు, తోటలు మొదలగు ఇతర సంస్థలలో యజమాని. పదిమంది గాని అంతకు మించి గాని పనిచేయు సంస్థలకు ఈ స్మృతి సామాన్యముగ వర్తించును.

దెబ్బ ఎవరికిని తగులకున్నను తెలుపవలసిన సంఘటనలు కొన్ని కలవు. బాయిలరు ప్రేలుట, క్రేను కూలుట, విషవాయువు వెలువడుట, నిప్పంటుకొనుట వంటివి జరిగినప్పుడు అదృష్టవశమున అక్కడ మనుష్యులు లేకపోవచ్చును. అయినను ఆ సంఘటనను దాచరాదు. శాసనము వానిని అపాయకర సంఘటనలని పేర్కొన్నది. వృత్తివలన వచ్చు వ్యాధులను గూర్చియు ఇట్టి నియమమే కలదు. రాతిపొడి పీల్చి ఊపిరితిత్తులు చెడుట, సీసము, పాదరసము వంటివానిచే ఒడలు విషపూరితమగుట ఈ జాబితాలోనివి. అట్టి రోగికి వైద్యము చేయు డాక్టరుగూడ ఆ సంగతిని అధికారులకు వ్రాయవలెను. కంకర మరల యొద్ద ఏండ్లతరబడి పనిచేసి దగ్గుచు చిక్కిపోవు మనిషిని చూచినప్పుడు క్షయయని మాత్రమే తలంపక, అతడు చేసిన పని యేదియో వైద్యునికి తప్పక చెప్పవలెను.

ఇంత నిర్బంధము ఎందులకని యెవరైన నడుగవచ్చును. ఒక చిన్న ప్రమాదము రాబోవు పెద్ద ప్రమాదమునకు ముందుగ వచ్చు కబురు. 1931లో అమెరికాలో భీమాసంస్థయం దుద్యోగి యగు హైన్రిచ్ అను నాతడు ఒక గ్రంథము వ్రాసి, ఒక ఘోరప్రమాదము వెనుక పదులకొలది చిన్న దెబ్బలును, వందలకొలది దెబ్బ తగులని తప్పిదములును ఉండునని వాదించెను. ఆతడు చెప్పిన అంకెలపై పిమ్మట వివాదములు పుట్టినను, చిన్నవానిని లెక్కింపనిదే పెద్దవానిని ఆపజాలమను నీతి నిలిచినది. భోపాలు సంగతి అందఱకు తెలిసినదే. 1984 డిసెంబరు 2వ తేదీ రాత్రి ఆ కర్మాగారమునుండి విషవాయువు వెలువడి వేలమంది ప్రాణములు గొనెను. అయితే అంతకు మూడేండ్ల ముందు, 1981 డిసెంబరులో, అదే కర్మాగారమున ఫాస్జీను అను వాయువు సోకి ఒక కార్మికుడు మరణించెను. రాజకుమార్ కేశ్వాణి యను పత్రికారచయిత 1982లోనే పట్టణవాసులను హెచ్చరించుచు వ్రాసెను. మొదటి మరణమును తగినట్లు విచారించి చక్కదిద్దియున్నచో చరిత్ర వేఱుగ నుండెడిదేమో!

దూరపు మాట యెందులకు? మన ప్రక్కనే, ఏలూరు జిల్లా ముసునూరు మండలములోని అక్కిరెడ్డిగూడెమున, 2022 ఏప్రిల్ 13వ తేదీ రాత్రి పోరస్ లేబొరేటరీస్ అను రసాయన కర్మాగారములో మంటలు చెలరేగి ఆఱుగురు మరణించిరి. వారిలో నలుగురు బీహారునుండి పొట్టకూటికై వచ్చినవారు. రాష్ట్రప్రభుత్వము మృతుల కుటుంబములకు 25 లక్షల రూపాయల చొప్పున సాయము ప్రకటించెను. అంతటి ప్రమాదమును దాచుట ఎవరితరమును కాదు. మంట ఆకాశమున కెగసినప్పుడు పత్రికలు వచ్చును, మంత్రులు వత్తురు. కాని ఒక్కని వ్రేలు తెగినప్పుడు, ఒక్క కూలి కొమ్మపైనుండి పడి నడుము విఱిగినప్పుడు ఎవరును రారు. ఆ ఒక్కనికి నోటీసే దిక్కు.

ఇచట ఒక భేదమును గుర్తుంచుకొనవలెను. ప్రభుత్వము ప్రకటించు సాయము దయతో నిచ్చునది; ఒకచోట ఇచ్చును, ఒకచోట ఈయదు. శాసనము ప్రకారము యజమాని చెల్లింపవలసిన పరిహారము హక్కు. యజమాని తప్పు చేసెనని నిరూపింప నక్కఱలేదు. దెబ్బ పని కారణమున, పనికాలమున తగిలినదని తెలిసిన చాలును. మూడు దినములకు మించి పనిచేయ లేకపోయిన ప్రతి దెబ్బకును ఈ హక్కు కలదు. పదిమంది పనివారుండవలెనను లెక్క ఇచట లేదు. ఒక్క మనిషిని పనిలో పెట్టుకొనినవాడైనను, ఆ పని పట్టికలో నున్నచో, బాధ్యుడే. ఆ పట్టిక చాల పెద్దది. కర్మాగారములు, కట్టడములు, గనులు, లారీలు, బరువు లెత్తి దింపు పనులు మాత్రమే కాక, తోటపనులు, అటవీపనులు, ట్రాక్టరులచే గాని విద్యుత్తుచే నడచు యంత్రములచే గాని జరుగు సేద్యపు పనులుగూడ అందులో కలవు. మామిడి సీమవారికి ఇది ముఖ్యమైన మాట.

యజమానులు చెప్పు సాకులు కొన్ని కలవు. మొదటిది: "అతడు మా మనిషి కాడు, మేస్త్రీ తెచ్చిన మనిషి." ఈ మాట చెల్లదు. తన వ్యాపారములో భాగమైన పనిని కాంట్రాక్టరుచే చేయించుకొనినను, దెబ్బ తగిలినచో పరిహారమునకు అసలు యజమానియే బాధ్యుడు. ఆయన తరువాత కాంట్రాక్టరునుండి రాబట్టుకొనవచ్చును. తోటను గుత్తకు తీసికొని కాయ కోయించు వ్యాపారి కూలీలకు యజమానియే యగును. రెండవది: "అతడు త్రాగియుండెను" లేక "చెప్పిన మాట వినక అడ్డుకట్ట తీసివేసెను." ఈ సాకు చిన్న దెబ్బల విషయమున కొంతవఱకు చెల్లవచ్చును గాని, మరణించినప్పుడును, సంపూర్ణ శాశ్వత వైకల్యము కలిగినప్పుడును చెల్లదు. మూడవది: "హక్కు వదలుకొనుచున్నట్లు సంతకము చేసినాడు." హక్కును వదలుకొను ఒప్పందము, తగ్గించుకొను ఒప్పందము శాసనము దృష్టిలో వట్టి కాగితము.

రాజీ చేయు పెద్దలు ఈ మూడవ మాటను ప్రత్యేకముగ వినవలెను. పరిహారము మొత్తమును గూర్చి ఇరుపక్షములకును ఒప్పందము కుదిరినచో, దాని నకలును కార్మికశాఖయందలి పరిహారాధికారికి పంపి రిజిస్టరు చేయింపవలెను. మొత్తము తక్కువైనను, మోసముచే గాని ఒత్తిడిచే గాని సంతకము తీసికొనినను ఆ యధికారి రిజిస్టరు చేయ నిరాకరించును. మరణించిన పనివాని విషయమున నియమము మఱింత గట్టిది. యజమాని ఆ సొమ్మును నేరుగ భార్య చేతిలో గాని, అన్నదమ్ముల చేతిలో గాని పెట్టరాదు. అధికారియొద్ద జమకట్టవలెను. ఆ యధికారియే వితంతువునకును, పిల్లలకును, వృద్ధులగు తల్లిదండ్రులకును వంతులు నిర్ణయించును. నేరుగ నిచ్చినది పరిహారముగ లెక్కకు రాదు. సొమ్ము చూచి బంధువులు మూగుట, వితంతువు చేతికి ఏమియు మిగులకపోవుట పెద్దలెఱుగనిది కాదు. శాసనకర్తలు గూడ దాని నెఱిగియే ఈ నియమము చేసిరి.

పరిహారము చెల్లింపవలసిన దినమునుండి ఒక నెలలోపల చెల్లింపనిచో వడ్డీ పడును. తగిన కారణము లేక ఆలస్యము చేసినచో మొత్తములో సగమునకు మించకుండ అదనపు సొమ్మునుగూడ విధింపవచ్చును. భద్రతను గూర్చిన విధులను మీఱినందున పనివాడు మరణించినచో యజమానికి రెండేండ్లవఱకు కారాగారము గాని, అయిదు లక్షలకు తగ్గని జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చుననియు, ఆ జరిమానాలో సగమునకు తగ్గకుండ బాధితునికో వారసులకో ఇప్పింప న్యాయస్థానము ఆజ్ఞాపింపవచ్చుననియు క్రొత్త స్మృతి చెప్పుచున్నది. కావున నోటీసు పంపుట యజమానికి గూడ మేలే. దాచినవాడు రెండు తప్పులకు ఉత్తరము చెప్పుకొనవలసి వచ్చును.

విద్యుత్తును గూర్చి వేఱుగ చెప్పవలెను, ఏలయన తోటలలోను, మోటారులయొద్దను ఎక్కువ ప్రాణములు పోవునది దానివలననే భయము. 2003 నాటి విద్యుచ్ఛక్తి చట్టములోని 161వ సెక్షను ప్రకారము విద్యుత్తు కారణమున మనిషి గాని పశువు గాని మరణించినను, గాయపడినను విద్యుత్ ఇన్‌స్పెక్టరునకు తెలుపవలెను. 2005లో చేసిన నియమములు సంగతి తెలిసిన 24 గంటలలోపల కబురును, 48 గంటలలోపల వ్రాతమూలకమగు నివేదికయు పంపవలెనని గడువు పెట్టినవి. పశువు చచ్చినను తెలుపవలెనను మాట మఱువరాదు. నేడు తెగిన తీగపై కాలుపెట్టి ఎద్దు చచ్చినదని తెలిపినచో, రేపు అదే తీగకు మనిషి బలికాకుండును.

ఇక గ్రామపెద్దల విధి. పూర్వము గ్రామమున అనుమానపు చావు జరిగినచో మునసబు తాలూకా కచ్చేరికి కబురంపవలసియుండెడిది. మన రాష్ట్రమున 1984లో మునసబు, కరణముల ఉద్యోగములు రద్దయినవి. దానితో ఆ విధి గూడ పోయినదని కొందఱు తలంతురు. అది పొరపాటు. 2024 జూలై 1వ తేదీనుండి అమలులో నున్న భారతీయ నాగరిక సురక్షా సంహితయందలి 34వ సెక్షను ఆ విధిని గ్రామవ్యవహారములు చూచు ప్రతి యుద్యోగిపైని, గ్రామమున నివసించు ప్రతివానిపైని ఉంచినది. పంచాయితీ సభ్యుడు ఆ మాటలో చేరును. గ్రామములో గాని, చేరువలో గాని ఆకస్మిక మరణము, అసహజ మరణము సంభవించినచో వెంటనే దగ్గఱి మేజిస్ట్రేటునకు గాని, పోలీసు అధికారికి గాని తెలుపవలెను. పాత నేరవిచారణ సంహితలోను ఈ నియమమే యుండెను. కొమ్మపైనుండి పడి చచ్చిన కూలి మరణమును, మోటారుయొద్ద కరెంటు తగిలి చచ్చిన పాలేరు మరణమును అసహజ మరణములే. "పోయినవాడు తిరిగిరాడు, శవమును కోయించుట ఎందులకు?" అని తొందరపడి దహనము చేయించినచో పెద్దలు తమ విధిని తప్పినవారగుదురు. శవపంచనామా లేక, శవపరీక్ష లేక, ఆ కుటుంబము పరిహారము కొఱకు చూపదగిన మొదటి యాధారము బూడిదలో కలిసిపోవును.

కావున ప్రమాదము జరిగిన వెంటనే చేయదగిన పనులను వరుసగ చెప్పెదను. మొట్టమొదట మనిషిని ఆసుపత్రికి చేర్చవలెను. అచట చీటీలో దెబ్బ ఎచట, ఏ పనిలో, ఏ వేళకు తగిలినదో నిజముగ వ్రాయింపవలెను. మొదటి చీటీలో "ఇంటియొద్ద పడెను" అని వ్రాయించినచో తరువాత దానిని మాఱ్చుట మిక్కిలి కష్టము. రెండవది, చూచినవారి పేరులు ఆనాడే వ్రాసి యుంచుకొనవలెను. వలసకూలీలు నెలలోపల స్వగ్రామములకు పోవుదురు. మూడవది, యజమానికి వ్రాతమూలకముగ నోటీసు పంపవలెను. పేరు, విలాసము, దెబ్బ తగిలిన తీరు, తేదీ మామూలు మాటలతో వ్రాసిన చాలును. స్పీడు పోస్టున పంపి రశీదును దాచవలెను. యజమాని నోటీసు అందలేదనినను, సంగతి ఆయనకు వేఱు మార్గమున తెలిసియుండినచో హక్కు పోదు. అయినను కాగితమునకు సాటి లేదు. నాలుగవది, జీతమునకు నిదర్శనములగు హాజరు పట్టీ, బ్యాంకు పుస్తకము, చీటీలు భద్రపఱుపవలెను. ఫోనులో వచ్చిన జీతపు సందేశమును గూడ తుడిచివేయరాదు. అయిదవది, ప్రమాదము జరిగిన దినమునుండి, మరణమైనచో మరణించిన దినమునుండి రెండేండ్లలోపల పరిహారాధికారి యెదుట దావా వేయవలెను.

ఎచట వేయవలెనను సందేహము ఈ సీమవారికి సహజము. 2022 ఏప్రిల్ 4వ తేదీన జిల్లాలు విభజింపబడినప్పుడు మైలవరము ఎన్.టి.ఆర్. జిల్లాలోను, నూజివీడు ఏలూరు జిల్లాలోను చేరినవి. మైలవరపు మనిషి నూజివీడు వైపు కర్మాగారమున గాయపడినచో ఏలూరు తిరుగవలెనా? అక్కఱలేదు. ప్రమాదము జరిగిన చోటనైనను, దావా వేయువారు సామాన్యముగ నివసించు చోటనైనను, యజమాని రిజిస్టర్డు కార్యాలయ మున్న చోటనైనను వేయవచ్చును. అక్కిరెడ్డిగూడెమున మరణించిన బీహారువారి వంటి పనివారి కుటుంబములు తమ జిల్లాలోనే దావా వేసికొనవచ్చునన్నమాట. ఇది 1995లో చేసిన సవరణవలన బీదలకు కలిగిన గొప్ప మేలు. ఇ.ఎస్.ఐ. పథకములో పేరు చేరినవారికి మార్గము వేఱు. వారికి పరిహారము యజమానినుండి గాక ఇ.ఎస్.ఐ. సంస్థనుండి వచ్చును. మరణించినచో ఆధారపడినవారికి జీతములో నూటికి 90 వంతుల లెక్కన నెలనెలకు భృతి నిచ్చును. అందులకును మూలము యజమాని ఆ సంస్థకు పంపు ప్రమాద నివేదికయే.

పనివారికి గూడ విధి కలదు. అపాయకరమైన స్థితి కంటబడినచో యజమానికి చెప్పుట వారి విధియని స్మృతి యనుచున్నది. ప్రాణాపాయము ముంచుకొని వచ్చుచున్నదను సహేతుకమగు భయము కలిగినచో యజమానికి చెప్పుచు, అదే సమయమున ఇన్‌స్పెక్టరునకు గూడ తెలుపుట వారి హక్కు. బెల్టు అడ్డుకట్ట లేక తిరుగుచున్నదని, చెట్టుకొమ్మలలో తీగ వ్రేలాడుచున్నదని చెప్పిన కూలిని "పనికి వంకలు వెదకువాడు" అని నిందింపరాదు. అట్టివాని పక్షమున ఒక్క మాట చెప్పుట పెద్దరికమునకు శోభ.

రచ్చబండ న్యాయమును నిరసింపవలెనని నా యుద్దేశము కాదు. గట్టు తగవులు, నీటి తగవులు, అన్నదమ్ముల పంపకములు పెద్దలు తీర్చినట్లు కోర్టులు తీర్చలేవు. ఆ తగవులలో ఇరుపక్షములును ఆ యూరివారే, ఇరువురి నష్టమును పెద్దలకు కనబడుచునే యుండును. పనిచోటి ప్రమాదములో మూడవ పక్షము ఒకటి కలదు. అది రేపు అదే మరయొద్ద, అదే కొమ్మపై నిలువబోవు మనిషి. అతని పేరు మనకు తెలియదు. రచ్చబండకు అతడు రాడు. నోటీసు అతని పక్షమున మాటలాడును. యజమానిని, గాయపడినవానిని సమాధానపఱచుట పెద్దలు చేయుడు. కాని కాగితము ఇన్‌స్పెక్టరునకు చేరిన పిమ్మట చేయుడు, ఒప్పందమును రిజిస్టరు చేయించి చేయుడు. అప్పుడు ఆ రాజీ ధర్మసమ్మతమగును, శాసనసమ్మతమును అగును.

వచ్చు మామిడి కోతలకు ముందే పంచాయితీ కచ్చేరిలో నాలుగు విలాసములు పెద్ద అక్షరములతో వ్రాయించి గోడకు తగిలింపుడు: పోలీసు ఠాణా, కర్మాగారముల ఇన్‌స్పెక్టరు, విద్యుత్ ఇన్‌స్పెక్టరు, కార్మికశాఖ కార్యాలయము. ప్రమాదము జరిగిన రాత్రి ఎవరికి తెలుపవలెనో వెదకుకొను పని లేకుండును. చదువు రాని పనివానికి నోటీసు వ్రాసిపెట్టగల యువకుని ఒకనిని ఊరూరను గుర్తించి యుంచుడు. ఇందులకు ఖర్చు లేదు. కావలసినది పెద్దల మాట యొక్కటే.